పిక్సెల్ గేములకు గ్రేస్ మార్కులు అక్కర్లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

వీడియో గేముల గురించి మీరు రాసినా ఇంకొకరు రాసినా, పాత తరహా ఆర్‌పీజీల (ఒక పాత్రని నడిపిస్తూ కథలో ముందుకెళ్లే రోల్ ప్లేయింగ్ గేముల) దగ్గరికి వచ్చేసరికి ఒకటే పాట వినిపిస్తోంది. ఇవి వయసు మీదపడ్డవాళ్లు చిన్నప్పటి జ్ఞాపకాల కోసం ఆడుకునేవి, పిక్సెల్ బొమ్మలు గళ్లుగళ్లుగా ఉన్నా పాపం ఒకరిద్దరు కూర్చుని చేసుకున్నవి కాబట్టి సర్దుకుపోవాలి, అని. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. అలాగని రెట్రో, అంటే పాత తరహా, అన్న పదం వినపడగానే చప్పట్లు కొట్టేసే మావాళ్లతో పేచీ లేదని కాదు, అసలు వాళ్లతోనే ఎక్కువ ఉంది, దాని సంగతి కింద రాస్తాను. నేను చెప్పేదల్లా మామూలు గేముని ఎంత గట్టిగా నిలదీస్తామో వీటినీ అంతే గట్టిగా నిలదీయాలని.

ముందు ఆ జ్ఞాపకాల సంగతి. 2015లో అండర్‌టేల్ వచ్చినప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లలో స్కూలు, కాలేజీ పిల్లలు బోలెడుమంది. ఆ గేముకి స్ఫూర్తి అని దాన్ని చేసిన టోబీ ఫాక్స్ చెప్పుకునే ఎర్త్‌బౌండ్ జపాన్‌లో 1994లో వచ్చింది, అప్పటికి ఈ పిల్లల్లో చాలామంది పుట్టనే లేదు. పుట్టకముందటి జ్ఞాపకాలు ఎవరికైనా ఉంటాయా? వాళ్లకి అది పాత గేము కాదు, అంతకుముందు తాము ఆడినవాటిలో దేనిలాగానూ లేని కొత్త గేము.

పైగా ఇప్పుడు వస్తున్నవాటిలో నిజంగా పాతకాలపువి అనదగ్గవి చాలా తక్కువ. అసలు పాత గేములు ఎలా ఉండేవో ఒకసారి చూడండి. 1986లో వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్ మొత్తం 64 కిలోబైట్ల క్యాట్రిడ్జ్‌లో పట్టింది, ఈరోజు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా అంతలో పట్టదు. దాని రెండో భాగం జపాన్ వెర్షన్‌లో సేవ్ చేసుకునే వీలే లేదు, ఆట ఆపాలంటే గేము చూపించే పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసుకోవాలి, ఆ పాస్‌వర్డ్ 52 అక్షరాల దాకా ఉండేది, అందులో ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా అంతవరకూ ఆడిందంతా గంగపాలు. ఇంక ఆ బొమ్మలు గీసింది పాత పిక్చర్ ట్యూబ్ టీవీల కోసం, ఆ తెర మీద చుక్కకీ చుక్కకీ మధ్య రంగులు కాస్త కలిసిపోయి నున్నగా కనపడేవి. ఇప్పటి తెర మీద గళ్లు కత్తితో కోసినట్టు కనపడుతున్నాయంటే అది అప్పటి రూపం కాదు, ఇప్పటివాళ్లు ఇష్టపడి తయారు చేసుకున్న రూపం. 2023లో వచ్చిన సీ ఆఫ్ స్టార్స్‌లో పొద్దు మారేకొద్దీ వెలుగునీడలు బొమ్మ మీద పాకుతుంటే చూస్తూ ఉండిపోతాం, ఆ లైటింగ్ ఏ పాత కన్సోల్‌కీ సాధ్యం కాదు. అంటే దీన్ని ఒక శైలిగా చూడాలి. ఫొటో తీసే వీలున్నా బొమ్మ గీసేవాళ్లు గీస్తూనే ఉన్నట్టు.

ఇక రెండోది, ఆ 'పాపం' అన్న మాట. డబ్బులు లేక పిక్సెల్ బొమ్మలు వేస్తారు, అది సులువు పని, అని చాలామంది అనుకుంటారు. చిన్న బొమ్మ వరకు నిజమే, పదహారు గళ్లు పొడవు, పదహారు గళ్లు వెడల్పు ఉన్న మనిషిని ఒక్కడే కూర్చుని వేసుకోగలడు. కానీ ఆ మనిషి నడవాలి కదా. నాలుగు దిక్కులకీ నాలుగేసి ఫ్రేములంటే నడకకే పదహారు బొమ్మలు, కుడివైపుది తిప్పి ఎడమవైపుకి వాడుకున్నా పన్నెండు. తర్వాత కత్తి దూయాలి, దెబ్బ తినాలి, పడిపోవాలి, దుస్తులు మారిస్తే ఇవన్నీ మళ్లీ మొదటినుంచి. త్రీడీలో అయితే ఒకసారి మోడల్ తయారయ్యాక అదే నడకని పదిమందికి తొడగొచ్చు, ఇక్కడ ప్రతి ఫ్రేమూ చేత్తో వేయాల్సిందే. బొమ్మ సైజు పెరిగేకొద్దీ పని తడిసి మోపెడవుతుంది. అందుకే ఇది సోమరిపని అనేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కడే బొమ్మలు, సంగీతం, మాటలు, కోడ్ అన్నీ తానే చేసుకుంటూ నాలుగేళ్లకు పైగా కూర్చుని 2016లో విడుదల చేశాడు, ఎనిమిదేళ్ల తర్వాత 2024లో కూడా దానికి పైసా తీసుకోకుండా పెద్ద అప్‌డేట్ ఇచ్చాడు. ఇంకో సంగతి, డబ్బుకి కొదవలేని జపాన్ గేముల కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ 2018లో ఆక్టోపాత్ ట్రావెలర్‌ని ఈ పిక్సెల్ దారిలోనే చేసింది. మరి వాళ్ల మీద కూడా జాలి పడదామా?

బొమ్మలు పక్కన పెట్టి ఈ గేముల్లో నిజంగా ఏం జరుగుతుందో ఒకటి దగ్గరగా చూపిస్తాను. అండర్‌టేల్ మొదట్లో టోరియెల్ అని ఒక తల్లిలాంటి పాత్ర ఉంటుంది. మనని చేరదీసి, చేయిపట్టుకుని నడిపించి, చివరికి బయటికి పోనివ్వనని తలుపు దగ్గర అడ్డం నిలబడుతుంది. ఇది ఆర్‌పీజీ కాబట్టి పోరాటం మొదలవుతుంది. అంతకుముందు ఎదురైన చిన్నచిన్న జీవులతో ఏదో మాట్లాడితే వాటి పేరు పసుపు రంగులోకి మారేది, అప్పుడు వదిలేసే వీలుండేది. ఇక్కడ మాట్లాడితే ఫలితం ఉండదు, పేరు రంగు మారదు. దాంతో చాలామంది ఆటగాళ్లు కాస్త బలహీనపరిచి అప్పుడు వదిలేద్దాం అనుకుని కొడతారు, ఉన్నట్టుండి ఒక దెబ్బ మామూలుకంటే చాలా గట్టిగా తగులుతుంది, ఆవిడ చచ్చిపోతుంది. అయ్యో అనుకుని వెంటనే పాత సేవ్ తెరిచి మళ్లీ ఆడతారు, ఈసారి కొట్టకుండా వదిలేయి బటన్ మీదే మళ్లీ మళ్లీ నొక్కుతారు, అప్పుడు ఆవిడ మెత్తబడుతుంది. (మన ప్రాణం బాగా తగ్గిపోతే ఆవిడ విసిరే నిప్పులు మనని తప్పించుకుని పోతాయి, ఇది గమనించినవాళ్లకి ముందే తెలిసిపోతుంది ఆవిడకి చంపే ఉద్దేశం లేదని.) హమ్మయ్య అనుకుని బయటికి రాగానే ఫ్లవీ అనే పువ్వు ఎదురై నువ్వేం చేశావో నాకు తెలుసు, ముందు చంపావు, బాధపడి వెనక్కి వెళ్లి వచ్చావు, అని మొహం మీదే అనేస్తుంది. గేము వచ్చి ఇన్నేళ్లయింది కాబట్టి గుట్టు విప్పేశానని తిట్టుకోకండి.

ఇక్కడ జరిగింది చూడండి. సేవ్ ఫైలుని వెనక్కి తిప్పుకోవడం ఆటగాడు గేముకి తెలియకుండా చేసే పని అని అంతవరకూ మన నమ్మకం. దాన్నే కథలోకి లాగేశారు. ఇదంతా నలుపు తెలుపు గీతల బొమ్మలతో, ఒక పెట్టెలో ఎగిరే చిన్న ఎర్ర గుండెతో. ఈ గేము కోసం 2013లో ఫాక్స్ జనాన్ని అడిగింది 5,000 డాలర్లు, వచ్చింది 51 వేల పైచిలుకు. ఆ డబ్బుతో భారీ గ్రాఫిక్స్ ఎలాగూ రావు, కానీ ఈ ఆలోచనకి భారీ గ్రాఫిక్స్ అవసరమూ లేదు.

యుద్ధాల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆటగాళ్లు ఎక్కువగా కొట్టుకునేది దీని మీదే. పాత జపాన్ ఆర్‌పీజీల్లో నాలుగడుగులు వేస్తే కనపడని శత్రువు మీద పడేవాడు, బాస్‌ని, అంటే దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువుని, గెలవలేకపోతే వెనక్కి వెళ్లి అవే చిన్న శత్రువులని గంటలకొద్దీ కొట్టి లెవెల్ పెంచుకోవాలి, ఆ గ్రైండింగ్‌కే జనం విసిగిపోయేవాళ్లు. అది లేకపోతే ఆర్‌పీజీ ఎలా అవుతుంది అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి నేను 2022లో వచ్చిన చెయిన్డ్ ఎకోస్ చూపిస్తాను. జర్మనీకి చెందిన మథియాస్ లిండా సంగీతం తప్ప దాదాపు అంతా తానే చేసిన గేము. శత్రువులు ముందే కంటికి కనపడతారు. ప్రతి యుద్ధం అయ్యాక ప్రాణం, శక్తి పూర్తిగా నిండిపోతాయి. లెవెల్స్ అనేవే లేవు, కొత్త స్కిల్స్ ప్రధానంగా బాస్‌లని దాటినప్పుడు వస్తాయి, కాబట్టి అడవిలో తిరిగి బలిసిపోవడం కుదరదు. మరి మజా ఎక్కడ ఉందంటే, పైన ఒక పట్టీ ఉంటుంది, ముల్లు పచ్చరంగులో ఉన్నంతసేపు మనం గట్టిగా కొడతాం, తక్కువ దెబ్బ తింటాం. మనం ఏదైనా చేసేకొద్దీ ముల్లు ఎరుపు వైపు జరుగుతుంది, అందులో పడితే శత్రువు కొట్టే దెబ్బలు ఇంకా గట్టిగా తగులుతాయి. గేము ఆ క్షణానికి అడిగే రకం స్కిల్ వాడితే వెనక్కి వస్తుంది, కానీ ఆ అడిగేది ఒక్కోసారి మనకి ఏమాత్రం పనికిరాని స్కిల్ అయి ఉంటుంది. అలా ఒకే బటన్ నొక్కుతూ కూర్చునే యుద్ధం ఒక్కటీ ఉండదు. పాత గేముల్లో ఉన్న ఆలోచించే తీరిక ఉంచుకుని, విసుగుని తీసి పారేశాడు.

సెర్బియా నుంచి 2015లో వచ్చిన అండర్‌రెయిల్‌లో ఇంకో దారి ఉంది, చంపితే అనుభవం (పాత్ర బలం పెంచే పాయింట్లు) రాదు, అక్కడక్కడా దాగిన వింత వస్తువులు వెతికి పట్టుకుంటే వస్తుంది. కాదు, నాకు చంపడమే కావాలంటారా, మొదట్లోనే పాత పద్ధతి ఎంచుకోవచ్చు. గేము చాలా కఠినం, చివరి భాగాన్ని తిట్టని ఆటగాడు అరుదు, ఆ తిట్లు న్యాయమైనవే.

ఇప్పుడు మావాళ్ల సంగతి. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు, 1990ల నాటి గేముల పేర్లు నాలుగు చెప్పి, వాటి వారసులం అని ప్రకటించుకుని మార్కెట్లోకి దిగే గేములు తక్కువేం కాదు, వాటిలో లోపం చూపిస్తే మీకు పాత గేముల రుచి తెలియదు అని మీద పడే అభిమానులూ తక్కువేం కాదు. సేవ్ పాయింట్ అరగంట దూరంలో పెట్టడం, మెనూలో ఒక మందు సీసా కొనడానికి ఆరుసార్లు నొక్కించడం, ఇవి అప్పట్లో మెమరీ లేక, అనుభవం లేక జరిగినవి. ఇప్పుడు తెలిసి తెలిసి పెట్టి ఇదే అసలైన అనుభూతి అంటే ఎలా? ఆడలేక మద్దెల ఓడు అనడం అటువైపు వాళ్ల తప్పయితే, ఓటి మద్దెలని చూసి ఇదే సంగీతం అనడం ఇటువైపు వాళ్ల తప్పు.

దారి చూపించే బాణం గొడవ కూడా ఇలాంటిదే. 2002లో వచ్చిన మారోవిండ్‌లో ఎక్కడికి వెళ్లాలో బాణం ఉండదు, ఫలానా వంతెన దాటి, ఎడమకి తిరిగి, కొండ కిందుగా వెళ్లు అని ఎవరో చెబుతారు, ఆ మాటలు డైరీలో ఉంటాయి, చదువుకుంటూ వెతకాలి. ఆ గేము చేసిన కంపెనీయే 2006లో దాని తర్వాతి గేము ఆబ్లివియన్‌కి వచ్చేసరికి దిక్సూచి మీద గుర్తు పెట్టేసింది. పాత తరహా కోరుకునేవాళ్లు ఆ గుర్తు తీసేయాలంటారు, నేనూ అంటాను. కానీ గుర్తు తీసేసినంత మాత్రాన సరిపోదు, ఆ దారి చెప్పే మనిషి గేములో ఉండాలి, అతని మాటలు సరిగ్గా రాయాలి, దారిలో ఆ వంతెన, ఆ కొండ గుర్తుపట్టేట్టు కట్టాలి. ఈ పని చేయకుండా బాణం ఒక్కటీ పీకేసి ఆటగాడి తెలివిని గౌరవిస్తున్నాం అంటే ఆ గౌరవం మాకొద్దు, చివరికి మేం ఫోన్ తెరిచి గైడ్ చూసుకుంటూ ఆడాల్సి వస్తోంది.

రాత ఎక్కువైపోవడం ఇంకో జబ్బు. పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ కోసం 2012లో జనం దాదాపు 40 లక్షల డాలర్లు పెట్టారు, 2015లో వచ్చిన గేము చాలావరకు ఆ నమ్మకం నిలబెట్టింది, నాకు ఇష్టమైన గేమే. కానీ అందులో ఊళ్లలో తిరుగుతుంటే బంగారు రంగు పేరుపట్టీలతో కొందరు నిలబడి ఉంటారు. డబ్బు పెట్టినవాళ్ల కోసం చేర్చిన పాత్రలవి. ఒక్కొక్కరి ఆత్మలోకి తొంగిచూస్తే పేరాలకి పేరాలు చదవాలి, ఆ కథకీ అసలు కథకీ సంబంధం ఉండదు. కొత్తగా ఆడేవాళ్లు ఇదంతా ముఖ్యమేమో అనుకుని చదివి చదివి అలసిపోయి గేము వదిలేస్తుంటారు, అందుకే ఆడినవాళ్లు కొత్తవాళ్లకి ఇచ్చే మొదటి సలహా బంగారు పేర్ల జోలికి పోవద్దనే. మాట ఇచ్చారు కాబట్టి పెట్టారు, సరే, ఆటకి మాత్రం నష్టమే. పైన పొగిడిన సీ ఆఫ్ స్టార్స్‌కి దీనికి తిరగబడ్డ సమస్య, బొమ్మలు, యుద్ధాలు కంటికింపుగా ఉన్నా పాత్రలు మాట్లాడే మాటల్లో పస లేదని చాలామంది ఆటగాళ్లు అన్నారు. వాళ్లతో ఏకీభవిస్తాను.

మాటలు ఎక్కువున్నా విసుగు రాని గేము కావాలంటే 2019 నాటి డిస్కో ఎలీసియం ఉంది. అది రెట్రో కాదు, అసలు ఆర్‌పీజీయే కాదు అనేవాళ్లూ ఉన్నారు, యుద్ధాలు లేవు కదా అని. కానీ పాత పాచికల ఆటని అంత నిజాయితీగా వాడుకున్న గేము నాకు ఇంకోటి తెలియదు. రెండు పాచికలు వేస్తారు, రెండు ఆర్లు పడితే ఎంత అసాధ్యమైనా నెగ్గుతాం, రెండు ఒకట్లు పడితే ఎంత సులువైనా ఓడిపోతాం. కొన్ని ప్రయత్నాలు మళ్లీ చేసుకోవచ్చు, ఎరుపు రంగువి ఒక్కసారే. మొదటి గదిలో ఒంట్లో ఓపిక లేని మనిషిని ఎంచుకున్నామంటే లైటు వేసినా ప్రాణం పోవచ్చు. ఓడిపోయినప్పుడు కథ ఆగదు, ఇంకా తమాషాగా వేరే దారి పడుతుంది, అందుకే ఓడిపోగానే పాత సేవ్ తెరిచే అలవాటు చాలామందికి ఇక్కడ తప్పిపోయింది.

బొమ్మలే బాగుండకపోయినా దశాబ్దాలు నిలబడినవాళ్లూ ఉన్నారు. సియాటిల్‌లో జెఫ్ వోగెల్ 1994 నుంచి స్పైడర్‌వెబ్ సాఫ్ట్‌వేర్ పేరుతో గేములు చేసుకుంటూ బతుకుతున్నాడు, తన గేములు చూడ్డానికి బాగుండవని తానే బాహాటంగా చెబుతాడు. 1995 నాటి ఎగ్జైల్‌నే పేరు మార్చి అవెర్నమ్‌గా ఒకసారి, 2011లో మళ్లీ ఒకసారి తిరగరాశాడు. కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు.

ఆటగాళ్లు పెద్దగా మాట్లాడుకోని ఒక విషయం కూడా చెబుతాను. గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపు అయితే డబ్బు వెనక్కి ఇస్తారు. కొనేవాళ్లకి మంచి రూలు, తీసేయమని నేను అనను. కానీ నిదానంగా రాజుకునే ఆర్‌పీజీకి రెండు గంటలంటే మొదటి ఊరు కూడా దాటదు, దాంతో కొందరు మొదటి గంటలోనే పెద్ద రాక్షసుడిని, పెద్ద పేలుడుని తెచ్చి పెడుతున్నారు, తర్వాత కథ అక్కడినుంచి కిందికి జారుతుంది. టు ద మూన్ లాంటి నాలుగైదు గంటల గేములు ఆ గడువుకి కాస్త అవతలే ఉన్నాయి కాబట్టి సరిపోయింది, గంటన్నరలో అయిపోయే గేము చేసినవాళ్ల పరిస్థితి ఏమిటి, పూర్తిగా ఆడేసి వాపసు అడిగినా ఎవరూ కాదనరు. డబ్బుకి తగ్గ గంటలు ఉన్నాయా అని లెక్కగట్టే మన అలవాటు కూడా దీనికి తోడైంది.

మీ పత్రికని అడిగేది ఒకటుంది. ఈ గేముల సమీక్ష రాసేటప్పుడు గ్రాఫిక్స్‌కి నక్షత్రాలు వేసి, కథ బాగుంది, పాతరోజులు గుర్తొచ్చాయి అని ముగించకండి. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చా, శత్రువు కనపడి వస్తాడా కనపడకుండా వస్తాడా, బాస్ దగ్గర ఇరుక్కుపోతే గంటలకొద్దీ లెవెల్ పెంచుకోవాలా, పనులు చేసుకునేవాళ్లు రోజుకి అరగంట చొప్పున ఆడితే కథ గుర్తుంటుందా, ఇవి చెప్పండి. ముఖ్యంగా అక్షరాలు. పాతదనం కోసం గేములోని అక్షరాలు కూడా గళ్లగళ్లుగా, చీమల్లా పెట్టేస్తున్నారు, దూరంగా కూర్చుని టీవీలో ఆడేవాళ్లకి, కళ్లద్దాలు ఉన్నవాళ్లకి అవి ఒక్క ముక్క అర్థం కావు, కథ చదివి తీరాల్సిన ఆర్‌పీజీలోనే ఇలా. మామూలు అక్షరాలకి మార్చుకునే ఆప్షన్ ఉందా, సైజు పెంచుకోవచ్చా, ఈ ఒక్క వాక్యం రాసినా మాకు కొనాలో వద్దో తేలిపోతుంది, ఆ నక్షత్రాలు లేకపోయినా ఏమీ అనుకోం.

ఇట్లు,
ఈ గేములు ఆడే ఒక పాఠకుడు